ముక్క పడలేదా, పడిన ముక్కను తోసేశావా? పోకెమాన్ కార్డుల ఆటలో అపోహలు - వాస్తవాలు

బరంపురంలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు పోకెమాన్ కార్డుల ఆట నడుస్తుంది. తెలుగు పిల్లలు, ఒరియా పిల్లలు, ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు, ఒకరిద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు. ఇంట్లో ఏ భాష మాట్లాడినా ఓడినవాడి మొదటి మాట మాత్రం ఒకటే: "ఏటి సార్, ముక్క పడలేదు." వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. దీని సంగతే ముందు తేలుద్దాం, మిగతావి చివర్లో చకచకా చెప్పేస్తాను.

అపోహ: ఇది అదృష్టం ఆట. ముక్కలు పడినవాడిదే గెలుపు.

అదృష్టం లేదని నేననను. 60 ముక్కల డెక్‌లో (ఆటగాడు తనే ఏరి కట్టుకునే కట్ట) ఒక కార్డు నాలుగు పెట్టుకున్నా, మొదటి 7 ముక్కల్లో అది ఒక్కటైనా కనబడే అవకాశం 40 శాతమే. పది ఆటల్లో ఆరింట కనబడదన్నమాట. ఇందులో గ్రహచారం ఏమీ లేదు, లెక్క అంతే. డెక్ కట్టేటప్పుడే తెలిసి ఉండాల్సిన లెక్క. బేసిక్ పోకెమాన్లు (చేతిలోంచి నేరుగా దింపగలిగేవి) 8 మాత్రమే పెట్టుకున్నవాడికి మొదటి చేతిలోనే మల్లిగన్, అంటే బేసిక్ ఒక్కటీ రాక మళ్ళీ కలిపి లాక్కోవడం, పడే అవకాశం 35 శాతం దాకా ఉంటుంది. 12 పెట్టుకుంటే 19కి దిగుతుంది. ప్రతి మల్లిగన్‌కీ అవతలివాడు ఒక ముక్క అదనంగా లాక్కోవచ్చు. ఎనిమిదే పెట్టుకుని "నాకెప్పుడూ మల్లిగనే" అంటే తప్పు జాతకానిదా?

లెక్క తెలిసినవాళ్ళు కూడా బోల్తా పడేది ఆడే వరసలో. మొన్నొక పదో తరగతి కుర్రాడి పక్కన కూర్చుని చూశాను. రెండోవాడుగా ఆడుతున్నాడు, అది అతని మొదటి టర్న్. యాక్టివ్‌లో (ముందు నిలబడి పోరాడే చోటు) ఒక పోకెమాన్, దాని వెనక వరస అయిన బెంచి ఖాళీ. చేతిలో లిల్లీస్ డిటర్మినేషన్ (చేతిలోవన్నీ డెక్‌లో కలిపేసి కొత్తవి లాక్కునే కార్డు), డెక్‌లోంచి పోకెమాన్లని వెతికి తెచ్చే బడ్డీ-బడ్డీ పాఫిన్, అల్ట్రా బాల్, దాడికి కావాల్సిన ఒక ఎనర్జీ, అవతలివాడి బెంచి మీదున్నదాన్ని ముందుకి లాగే బాసెస్ ఆర్డర్స్, అప్పటికి పనిలేని స్టేడియం కార్డులు రెండు. ఆట మొదట్లో డెక్‌లోంచి తీసి బోర్లా పక్కన పెట్టే ప్రైజు ముక్కలు ఆరూ అలాగే ఉన్నాయి కాబట్టి లిల్లీ వేస్తే 8 ముక్కలు. ఎనిమిది అనేసరికి వాడికి చెయ్యి ఆగలేదు, టక్కున వేసేశాడు. పాఫిన్, బాల్, ఎనర్జీ అన్నీ తిరిగి డెక్‌లో కలిసిపోయాయి. కొత్తగా వచ్చిన ఎనిమిదిలో బెంచి మీద పెట్టడానికి ఒక్కటి లేదు. అవతలివాడి తర్వాతి దాడికి యాక్టివ్ పడిపోయింది, దాని చోట దింపడానికి బెంచి మీద ఎవరూ లేరు, ఆట అక్కడితో సరి. "చూశారా సార్, ఎనిమిది లాగినా పడలేదు!"

పడ్డాయి నాయనా, నువ్వే వెనక్కి తోసేశావు.

అవే ఏడు ముక్కలు ఇలా ఆడాలి. ముందు పాఫిన్. 70 హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె), అంతకన్నా తక్కువ ఉన్న బేసిక్‌లు రెండు నేరుగా బెంచి మీదకొస్తాయి. తర్వాత ఆ దండగ స్టేడియాలు రెండూ పారేసి అల్ట్రా బాల్‌తో ఇంకో బేసిక్ పోకెమాన్ తెచ్చుకో. దాన్నీ బెంచి మీద పెట్టు. ఎనర్జీ తగిలించు. ఇప్పుడు చేతిలో మిగిలింది లిల్లీ, బాస్. రెండూ సపోర్టర్ అనే రకం కార్డులు, ఆ రకం టర్న్‌కి ఒకటే కాబట్టి బాస్ ఎలాగూ ఆగాలి. ఇప్పుడు లిల్లీ వేస్తే డెక్‌లోకి వెనక్కి పోయేది బాస్ ఒక్కటే. అవే 8 ముక్కలు వస్తాయి, కానీ పలచబడిన డెక్ నుంచి, నిండిన బెంచితో.

ఇంకో సంగతి. పాఫిన్ కోసం డెక్ చేతిలోకి తీసుకున్నప్పుడు చాలామంది కావాల్సిన రెండూ ఏరుకుని మూసేస్తారు. అప్పుడే చూడాలి ప్రైజుల్లోకి ఏవి పోయాయో. ఒక్కటే పెట్టుకున్న కార్డు ప్రైజుల్లో ఇరుక్కునే అవకాశం 10 శాతం. నాలుగు పెట్టుకున్నదైతే కనీసం ఒకటి ఇరుక్కునే అవకాశం 35 శాతం. అది తెలియకుండా లేని ముక్క కోసం మూడు టర్న్‌లు ఎదురుచూసేవాళ్ళని ఎంతమందిని చూశానో. ఇంట్లో సాధన చెయ్యండి: డెక్ కలిపి, 7 చేతికి, 6 పక్కకి తీసి, మిగతాది ఒక్క నిమిషం చూసి, ఏవి కనబడలేదో కాగితం మీద రాయండి. తర్వాత ఆ ఆరూ తిప్పి చూసుకోండి. మొదట్లో ఒంటరి కార్డులు మాత్రమే పట్టుకుంటే చాలు. పెద్ద టోర్నమెంట్లలో మూడు ఆటల రౌండుకి 50 నిమిషాలే, తీరిగ్గా లెక్కపెట్టే వీలుండదు.

మా వీధి అరుగు మీద రమ్మీ ఆడే పెద్దాయనలు ఎవరు ఏ ముక్క పారేశారో చివరిదాకా మరిచిపోరు. వాళ్ళ దగ్గర అదృష్టం మాటెత్తి చూడండి! 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే అంది: పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని. ఈ కేసు నేను తల్లిదండ్రులకి తరచూ చెబుతుంటాను. ఎవరో పక్కింటివాళ్ళు "మీవాడు పేకాట నేర్చుకుంటున్నాడు, పోలీసులొస్తారు" అని బెదరగొట్టేస్తారు మరి. మా దగ్గర పందెం లేదు, పైసా లేదు. వచ్చి కూర్చుని చూడండి, టీ ఇస్తాం.

ఒకావిడ ఇచ్ఛాపురం నుంచి ఫోన్ చేశారు. "మాస్టారూ, మావాడు ఓడిపోయిన రోజు అన్నం ముట్టడం లేదు, మాన్పించెయ్యమంటారా?" వద్దమ్మా. ఇంటికి రాగానే "గెలిచావా?" అని మాత్రం అడక్కండి. "ఏ టర్న్‌లో చెయ్యి జారింది?" అని అడగండి. మీకు ఆట తెలియక్కర్లేదు, వాడే చెబుతాడు. చెప్పడం మొదలుపెట్టాడంటే అన్నం కూడా తింటాడు.

ఇక మిగతా అపోహలు. ఒక్కో పేరాలో మొదటి మాట అపోహ, తర్వాతది వాస్తవం.

ఖరీదైన కార్డులుంటే గెలుస్తాం. మెరిసే బొమ్మ ఉన్నదీ మామూలుదీ ఒకే కార్డయితే చేసే పనీ ఒకటే. డెక్ కోసం ప్యాకెట్లు చింపుకుంటూ కూర్చోకండి, కావాల్సిన కార్డు విడిగా కొనుక్కోండి. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బంగారు రంగు రేకు కార్డులు టోర్నమెంటులో చెల్లవు. పిల్లాడి పుట్టినరోజుకి అవే కొనిచ్చిన తండ్రి మొహం చూసి ఈ మాట చెప్పడం నాకూ కష్టమే.

ప్రపంచ చాంపియన్ డెక్ దింపేస్తే చాలు. 2024లో హొనొలులులో చిలీ ఆటగాడు ఫెర్నాండో సిఫువెంటెస్ ఐరన్ థార్న్స్ ఈఎక్స్‌తో గెలిచాడు. అది యాక్టివ్‌లో ఉన్నంతసేపు ఫ్యూచర్ అనే ముద్ర ఉన్న పోకెమాన్లు తప్ప రూల్ బాక్స్ (కార్డు కింద ప్రత్యేక నియమం రాసిన పెట్టె) ఉన్నవాటికి ఎబిలిటీలు, అంటే ప్రత్యేక శక్తులు, పనిచెయ్యవు. అక్కడ ఎదుటివాళ్ళు వాటి మీదే బతుకుతున్నారు కాబట్టి పారింది. మీ ఎదుట కూర్చునేవాడు వాటి జోలికే పోనివాడైతే సగం బలం గాలికి పోయినట్టే.

ఫోన్‌లో పోకెమాన్ పాకెట్ యాప్‌లో ఆడితే ఇదీ వచ్చేస్తుంది. రాదు. పాకెట్‌లో డెక్ 20 ముక్కలు, ఒక్కో కార్డు రెండే, మూడు పాయింట్లకి ఆట, ప్రైజులే లేవు. అసలు ఆట కావాలంటే పోకెమాన్ టీసీజీ లైవ్ అనే యాప్ వేసుకోండి, అదీ ఉచితమే.

స్లీవులు (కార్డులకి వేసే ప్లాస్టిక్ తొడుగులు) ఏవైనా ఒకటే. మూల నలిగిన స్లీవు ఒక్కటున్నా వెనక నుంచి కార్డు గుర్తుపట్టొచ్చు. మార్కు కార్డు కింద లెక్కగట్టి జడ్జి పెనాల్టీ వేస్తాడు. టోర్నమెంటుకి రైలెక్కే ముందు రోజే కొత్తవి తొడిగి, అదనంగా నాలుగు జేబులో పెట్టుకోండి.