గుండెను కాపాడే మందు పిల్లలకు ఎందుకు దూరమైంది?

క్యాన్సర్ ఉన్న పిల్లలకు, గుండెను కాపాడే మందైన డెక్స్‌రాజోక్సేన్ ఇవ్వాలా వద్దా అన్న వాదన మళ్లీ మొదలైంది. క్యాన్సర్‌కు ఇచ్చే, ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ ఇంజెక్షన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుందనీ, మొత్తం మోతాదు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుందనీ 1970ల నుంచే తెలుసు. ఆ కథ పక్కన పెడదాం. ఇప్పటి గొడవకు మూలం 2007లో ఉంది.

హాడ్జ్‌కిన్ లింఫోమా అనే శోషరస గ్రంథుల క్యాన్సర్‌కు చికిత్స పొందిన 478 మంది పిల్లలు, టీనేజర్ల వివరాలు ఆ ఏడాది బయటికొచ్చాయి. సగం మందికి డాక్సోరుబిసిన్‌కు ముందు డెక్స్‌రాజోక్సేన్ కూడా ఎక్కించారు. మొత్తం పదిమందికి రెండో క్యాన్సర్ (మొదటిది కాక కొత్తగా ఇంకోటి) వచ్చింది. అందులో 8 మంది ఈ మందు తీసుకున్నవాళ్లే! భయం పుట్టక ఏమవుతుంది? 2011లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ 18 ఏళ్లలోపు వాళ్లకు దీన్ని వాడొద్దంది.

పిల్లల క్యాన్సర్ డాక్టర్లలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. ఎనిమిదికీ రెండుకీ మధ్య తేడా యాదృచ్ఛికం కాదని గణాంకాలు గట్టిగా చెప్పలేదు. పైగా ఆ పిల్లలకు ఎటొపొసైడ్ అనే మరో క్యాన్సర్ మందు కూడా పడింది. దానివల్ల రక్త క్యాన్సర్ రావచ్చని ముందే తెలుసు. ఈ మూడు మందులూ కణంలో టోపోఐసోమరేజ్-2 అనే ఒకే ఎంజైమ్ జోలికి వెళ్తాయి. మూడూ కలిసినచోట వచ్చిన లెక్కను అన్ని చికిత్సలకూ ఎలా రుద్దుతారన్నది వాళ్ల ప్రశ్న.

ఇక్కడ 1991కి వెళ్లాలి. చిన్నప్పుడు లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు డాక్సోరుబిసిన్ తీసుకుని బతికి బయటపడ్డవాళ్లను ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, 57 శాతం మందిలో గుండె పనితీరులో తేడాలు కనిపించాయి. రెండో క్యాన్సర్ నాలుగేళ్లలోనే లెక్కకు వచ్చేసింది. గుండె జబ్బు బయటపడటానికి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పట్టొచ్చు. త్రాసులో ఒక పళ్లెం నిండాక, రెండోది ఇంకా ఖాళీగా ఉండగానే తూకం వేశారు.

2015లో పాత మూడు ట్రయల్స్‌లోని 1,008 మందిని దాదాపు పన్నెండున్నరేళ్ల తర్వాత చూస్తే, మందు తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువేమీ లేవు. 2017లో యూరప్ సంస్థ మెత్తబడింది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు మొత్తం 300 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ డాక్సోరుబిసిన్ పడబోయే పిల్లలకు ఇవ్వొచ్చని సడలించింది.

అయితే లుకేమియా పిల్లల్లో చాలామందికి ఇచ్చే మొత్తం ఆ 300 లోపే ఉంటుంది. యూరప్‌లో వాళ్లకు అడ్డంకి ఇంకా తొలగలేదు.