ఆ రెవిట్ ఫ్యామిలీ ఏ టెంప్లేట్‌లో పుట్టింది? అపోహలు - వాస్తవాలు

రెవిట్ అనే భవన మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో సాకెట్, లైటు, పంపు లాంటి వస్తువుల రెడీమేడ్ మోడల్‌ని ఫ్యామిలీ అంటారు. ఎవరో చేసిన ఫ్యామిలీ మన చేతికొస్తుంది. చూడ్డానికి బావుంటుంది, పారామీటర్లు ఉంటాయి, లోడ్ కూడా అవుతుంది. తీరా మోడలింగ్ సగంలో ఉండగా ఫోన్: "అన్నా, ఇది గోడ మీద కూర్చోవట్లేదు, రెవిట్ కరప్ట్ అయిందా?" కరప్ట్ కాలేదు నాయనా, ఆ ఫ్యామిలీ పుట్టుకే అంత. హైదరాబాద్‌లో బిమ్ (భవనాల డిజిటల్ మోడలింగ్) పని చేసే మనలో చాలామందిమి బయటి దేశాల ఆర్కిటెక్టుల మోడళ్ల మీద, ఎవరో చేసిన కంటెంట్‌తో నెట్టుకొస్తున్నాం. ఇన్‌స్టిట్యూట్లలో ఫ్యామిలీ తయారుచెయ్యడం నేర్పుతారు గానీ, తయారైనదాన్ని విప్పి చూడ్డం నేర్పరు.

అపోహ: వాల్ హోస్టెడ్ (గోడ ఉంటేనే కూర్చునేది) అయితే ఏముంది, కేటగిరీ విండోలో తర్వాత మార్చుకోవచ్చు.

మార్చలేరు. ఎక్కువ మందిని ముంచేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఫ్యామిలీ మొదలుపెట్టేటప్పుడు ఏ ఆర్‌ఎఫ్‌టీ టెంప్లేట్ (ఫ్యామిలీకి మూసలాంటి ఫైలు) ఎంచుకున్నారో, ఆ ఫ్యామిలీ హోస్ట్, అంటే అది కూర్చునే ఆధారం, అక్కడితో ఖాయమైపోతుంది. గోడ, సీలింగ్, ఫ్లోర్, రూఫ్, ఫేస్ (దేనిదైనా ఒక ముఖం), లేదా ఏ హోస్టూ లేకపోవడం. కేటగిరీ మార్చుకోవచ్చు, జెనరిక్ మోడల్‌ని ఫర్నిచర్ చేసుకోవచ్చు, లైటింగ్ ఫిక్స్చర్ చేసుకోవచ్చు. హోస్ట్ మాత్రం కదలదు.

దీనివల్ల దెబ్బ తినేది ముఖ్యంగా ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) వాళ్లు. ఆర్కిటెక్ట్ గోడలు మనకు లింక్‌లో, అంటే మన ఫైలుకు జోడించిన వాళ్ల ఫైల్లో, ఉంటాయి. వాల్ హోస్టెడ్ సాకెట్ లింక్‌లోని గోడని గోడగానే గుర్తించదు. ఫేస్ బేస్డ్ అయితే అదే గోడ ముఖం మీద హాయిగా కూర్చుంటుంది.

గల్ఫ్‌లో ఒక ఆసుపత్రి ప్రాజెక్టు. బెడ్ హెడ్ దగ్గర సాకెట్లు, నర్స్ కాల్ పాయింట్లు. వచ్చిన లైబ్రరీ మొత్తం వాల్ హోస్టెడ్. గడువు తరుముతోంది, కుర్రాళ్లు ఏం చేస్తారు? ఆర్కిటెక్ట్ గోడల్ని మన మోడల్లోకి కాపీ చేసి, వాటి మీద సాకెట్లు పెట్టేశారు. ఆ రోజుకు పని అయిపోయింది. తర్వాత ఆర్కిటెక్ట్ వార్డుల లేఅవుట్ మార్చాడు. అసలు గోడలు జరిగాయి, మన కాపీ గోడలూ వాటి మీది సాకెట్లూ ఉన్నచోటే ఉండిపోయాయి. పైగా ఫెడరేటెడ్ మోడల్లో (అందరి మోడళ్లూ కలిపినది) గోడల క్వాంటిటీ రెండేసి సార్లు లెక్కకొచ్చింది. ఇంతలో ఒకతను "ఎలక్ట్రికల్ మోడల్లో గోడలెందుకు, క్లీన్ చేద్దాం" అని వాటిని డిలీట్ చేశాడు. హోస్ట్ పోతే దాని మీద ఉన్నవీ పోతాయి. ఒక ఫ్లోర్ సాకెట్లన్నీ గల్లంతు. ఆ కుర్రాడి తప్పు ఇందులో ఏముంది? ఎలక్ట్రికల్ మోడల్లో గోడలు ఉండకూడదన్నది సరైన మాటే.

దీన్ని ముందే పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఎడిట్ ఫ్యామిలీ కొట్టి, ఫ్యామిలీ కేటగిరీ అండ్ పారామీటర్స్ విండోలో 'హోస్ట్' అనే వరుస చూడండి. అక్కడ వాల్ అని ఉంటే, అది వాల్ టెంప్లేట్‌లో పుట్టింది. ప్లాన్ వ్యూలో ఒక గోడ ముక్క కూడా కనిపిస్తుంది. దాన్ని తీసేద్దామన్నా రెవిట్ ఒప్పుకోదు. ఫేస్ బేస్డ్‌లో గోడ బదులు చదునైన దిమ్మ ఒకటి ఉంటుంది.

హోస్ట్ లేని ఫ్యామిలీకైతే 'వర్క్ ప్లేన్ బేస్డ్' (ఎంచుకున్న తలం మీద కూర్చునేది) అన్న టిక్ పెడితే చాలు, ముఖం మీద కూర్చుంటుంది. ఎవరో వీడియోలో అది చూపిస్తే, అన్ని ఫ్యామిలీలకూ అదే మందు అని గ్రూపుల్లో ప్రచారం. వాల్ హోస్టెడ్‌కి ఆ టిక్ ఎందుకూ పనికిరాదు. ఫేస్ బేస్డ్ టెంప్లేట్‌లో కొత్తగా మొదలుపెట్టాల్సిందే. జామెట్రీని నేరుగా కాపీ పేస్ట్ చేస్తే అడ్డం తిరిగి పడుతుంది, ఎందుకంటే వాల్ టెంప్లేట్‌లో ముఖం నిలువుగా ఉంటుంది, ఫేస్ టెంప్లేట్‌లో పడుకుని ఉంటుంది. నేను చేసే పద్ధతి ఇది: వస్తువుని హోస్ట్ లేని ఫ్యామిలీగా గీసి, ఫేస్ బేస్డ్ ఫ్యామిలీలో నెస్ట్ చెయ్యడం, అంటే దాని లోపల పెట్టడం. రేపు సీలింగ్‌కి కావాలన్నా లోపలిది ముట్టుకోనక్కర్లేదు.

అపోహ: డీడబ్ల్యూజీని (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు) ఎక్స్‌ప్లోడ్ చేస్తే నేటివ్ (రెవిట్ సొంత జామెట్రీ) అయిపోతుంది.

ముక్కలవుతుంది, అంతే. జామెట్రీ మీద క్లిక్ చేసి ప్రాపర్టీస్ పైన ఏం రాసుందో చూడండి. ఎక్స్‌ట్రూజన్, స్వీప్, బ్లెండ్, రివాల్వ్ అని ఉండి, స్కెచ్ ఎడిట్ చేసే బటన్ వస్తే ఎవరో రెవిట్‌లోనే గీశారు. 'ఇంపోర్ట్ సింబల్' అని ఉంటే బయట నుంచి తెచ్చి పడేశారు. ఎక్స్‌ప్లోడ్ చేసి దాచినా జాడ తరచూ మిగులుతుంది: లైన్ ప్యాటర్న్‌ల జాబితా తెరిస్తే 'ఇంపోర్ట్' అనే మాటతో మొదలయ్యే పేర్లు బారులు తీరి ఉంటాయి. ఒక పంపు తయారీదారు ఇచ్చిన ఫ్యామిలీలో బోల్టుల మరలతో సహా జామెట్రీ ఉంది, పైపు కనెక్టర్ మాత్రం ఒక్కటీ లేదు. ఎంత డీటెయిల్ ఉంటే అంత క్వాలిటీ అనుకునేవాళ్లు ఆ పంపుకి పైపు కలిపి చూపించాలి.

అపోహ: 'క్రియేటెడ్ బై'లో ఎవరి పేరుంటే ఫ్యామిలీ వాళ్లదే.

ఈ అపోహ వల్ల ఫ్రెషర్లు అనవసరంగా తిట్లు తింటున్నారు. ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది: "సర్, ఆ బరువైన ఫ్యామిలీ నేను చెయ్యలేదు, కానీ వర్క్‌షేరింగ్‌లో నా పేరే చూపిస్తోంది." భయపడకమ్మా. ఆ పేరు చెప్పేది ఆ సెంట్రల్ ఫైల్లోకి (టీమంతా కలిసి పనిచేసే ఫైలు) ఆ ఎలిమెంట్‌ని తెచ్చిందెవరన్నది మాత్రమే. ఆర్‌ఎఫ్‌ఏ (ఫ్యామిలీ ఫైలు) ఎవరు గీశారో దానికి తెలీదు. లీడ్‌లు కూడా ఇది గుర్తుపెట్టుకుంటే బావుంటుంది.

మిగతావి త్వరగా. ఎంచుకున్నప్పుడు 'ఎడిట్ ఫ్యామిలీ' బదులు 'ఎడిట్ ఇన్-ప్లేస్' వస్తే అది ప్రాజెక్టులోనే పుట్టింది. కాపీలు కొట్టుకుంటూ పోకండి, లోడబుల్‌గా (విడి ఫైలుగా) మళ్లీ చెయ్యండి. గోడలు, ఫ్లోర్లు సిస్టమ్ ఫ్యామిలీలు (రెవిట్ ప్రాజెక్టులోనే ఉండేవి), వాటికి ఆర్‌ఎఫ్‌ఏ ఉండదు, వెతక్కండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫ్యామిలీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఏదో కన్వర్టర్ ఉందని ఫార్వర్డ్ చేసేవాళ్లని ఆ ఫైలు తెరిచి చూపించమనండి. కేటగిరీ మార్చేముందు సబ్‌కేటగిరీలు రాసిపెట్టుకోండి, అవి వెంట రావు.

లైబ్రరీ ఎక్కడి నుంచి వచ్చినా మా టీమ్‌లో ముందు ఖాళీ ప్రాజెక్టు తెరుస్తాం. ఒకే గోడ ఉన్న ఫైలుని లింక్ చేసి, వచ్చిన ప్రతి ఫ్యామిలీనీ ఆ గోడ మీద పెట్టి చూస్తాం. కూర్చోనివన్నీ జాబితా రాసి, మోడలింగ్ మొదలవకముందే పంపినవాళ్లకి తిప్పి పంపుతాం.