దూరపు సేవా సైకిల్ యాత్ర: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం, విజయవాడ, చెన్నై, మదురై మీదుగా కన్యాకుమారికి సుమారు 1,600 కిలోమీటర్లు. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతపు కిడ్నీ బాధితుల సహాయార్థం మేము బృందంగా తొక్కే దారి ఇది. కొత్తగా చేరదలచినవారి మాటల్లో కొన్ని అపోహలు ఏటా వినిపిస్తూనే ఉంటాయి. వాటిలో ఒకటి రెండు ప్రాణం మీదకు తెచ్చేవి కూడా ఉన్నందున వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఇది కుర్రకారుకు, క్రీడాకారులకు మాత్రమే సాధ్యం.

వాస్తవం: గంటకు 18 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో, తగిన విరామాలతో రోజుకు 110 కిలోమీటర్లు తొక్కడం మూడు నాలుగు నెలల క్రమబద్ధమైన సాధనతో యాభై దాటినవారికీ సాధ్యమే, గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారు మాత్రం ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. శనివారం శ్రీకాకుళం నుంచి టెక్కలి వెళ్లి వస్తే సుమారు 100 కిలోమీటర్లు అవుతుంది. ఆదివారం ఉదయం అవే కాళ్లతో మళ్లీ బయలుదేరగలిగితేనే సాధన సరిపోయినట్టు.

అపోహ: బలమైనవారు ముందు సాగిపోవాలి, వెనుకబడినవారిని వాహనం ఎక్కించాలి.

వాస్తవం: బృందం వేగాన్ని నిర్ణయించేది అందరికంటే నెమ్మదిగా తొక్కే వ్యక్తి. ముందున్నవారు గాలిని చీల్చుకుంటూ వెళ్తారు కాబట్టి, వారి వెనుక దగ్గరగా వచ్చేవారికి శ్రమ గణనీయంగా తగ్గుతుంది. అందుకే బలమైనవారు వంతులవారీగా ముందు నిలవాలి, బలహీనులను రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉంచాలి. వారిని చివర ఉంచడం చాలా బృందాలు చేసే పొరపాటు: ముందువారు కాస్త వేగం తగ్గించి మళ్లీ పెంచినా ఆ తేడా వెనక్కి వచ్చేకొద్దీ పెద్దదవుతుంది, చివరివారు రోజంతా బ్రేకు వేస్తూ, ఎగబడి అందుకుంటూ అలసిపోతారు. ఆ స్థానం ఎర్ర దీపం, పనిముట్ల సంచి ఉన్న అనుభవజ్ఞునిది. పది మందికి మించితే రెండు జట్లుగా విడిపోయి, మధ్యలో లారీ సర్దుకోగలిగినంత ఎడం వదలాలి. ముందున్న వ్యక్తి ‘గుంత’ అని అరిస్తే ఆ మాట చివరి వరకు ఒకరి నుంచి ఒకరికి చేరాలి. కోతల కాలంలో సర్వీసు రోడ్ల మీద ఆరబోసిన మొక్కజొన్న గింజలపై చక్రం పట్టు తప్పుతుంది కాబట్టి అక్కడ దిగి నడవడమే మేలు.

అపోహ: లక్ష రూపాయల సైకిల్, మెత్తని సీటు ఉంటే చాలు.

వాస్తవం: మీ ఎత్తుకు సరిపోయే ఫ్రేము, దృఢమైన వెనుక చక్రం ఉంటే సాధారణ గేర్ సైకిల్ చాలు. మెత్తని సీటులో శరీరం కూరుకుపోయి, కూర్చునే ఎముకల మీద పడవలసిన బరువు సున్నితమైన భాగాల మీద పడుతుంది. ఖరీదైన సైకిళ్లకు ఉండే సన్నని ప్రెస్టా రకం వాల్వుకు (ట్యూబులో గాలి నింపే నాళానికి) దారిలోని పంక్చర్ షాపు పంపు పట్టదు. జేబులో పట్టే చిన్న ఇత్తడి అడాప్టరు, చక్రానికి సరిపోయే నాలుగు స్పోకులు వెంట ఉంచుకోవాలి.

అపోహ: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది, నొప్పికి ఒక మాత్ర వేసుకుంటే సరి.

వాస్తవం: చెమటతో ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి మంచినీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి; తీవ్రమైతే మూర్ఛ వస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ కనుక అవి ఒక్కటే చాలవు. ఉదయం ఉప్పు వేసిన చోడి (రాగి) అంబలి, దారిలో ఉప్పు మజ్జిగ, లీటరు నీటిలో కలిపిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మాకు బాగా పనిచేస్తున్నాయి. ఇక ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో మూత్రపిండాలను దెబ్బతీయగలవు. కిడ్నీ రోగుల కోసం తొక్కుతూ మన కిడ్నీలకు మనమే హాని చేసుకోకూడదని ప్రతి సమావేశంలోనూ చెబుతాను. మోకాలు నొప్పి పుడితే ముందుగా సీటు ఎత్తు సరిచూడాలి, తగ్గకపోతే ఆ రోజుకు ఆగిపోవాలి.

అపోహ: వానలు తగ్గగానే, అక్టోబరులో బయలుదేరవచ్చు.

వాస్తవం: అది తుపాన్ల కాలం. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న ఉద్దానం తీరాన్నే తాకింది. సంక్రాంతి వెళ్లాక బయలుదేరితే ఈశాన్యపు గాలి వీపు తడుతుంది. పొగమంచు విడిచేదాకా మాత్రం రోడ్డెక్కకూడదు.

అపోహ: ఊరూరా సభ పెట్టి వ్యాధికి కారణం వివరించి చందాలు సేకరిస్తే సేవ పూర్తయినట్టే.

వాస్తవం: కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వంటి ఉద్దానం ప్రాంతాల్లో ఈ కిడ్నీ వ్యాధికి కచ్చితమైన కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. నీళ్లే కారణమనో, పురుగుమందులే కారణమనో మనం మైకులో తీర్పు చెప్పకూడదు. రోగుల ఫొటోలను బ్యానర్ల మీద వేయకూడదు. ప్రభుత్వ పథకం కింద డయాలసిస్ ఉచితంగా అందినా, వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లివచ్చే ఆటో ఖర్చు, తోడు వెళ్లేవారు కోల్పోయే కూలి ఆ కుటుంబాలను కుంగదీస్తాయి. నా ఉద్దేశంలో విరాళం మొదట చేరవలసింది అక్కడికే. యాత్రలో మన తిండి, బస, మరమ్మతుల ఖర్చు మనమే భరించాలి. విరాళాలు నేరుగా నమోదైన ట్రస్టు ఖాతాలో పడాలి, ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలి. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించిన విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదని దాతకు ముందే చెప్పాలి. విదేశీ విరాళాన్ని, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేని ట్రస్టు స్వీకరించకూడదు. యాత్ర ముగిసిన నెలలోపు జమాఖర్చులు దాతలందరికీ పంపాలి. పంపేవరకు మరుసటి యాత్రకు ఎవరినీ చందా అడగకూడదు.