ఇత్తడి సింకు, కడప బండ, చింతపండు

మా పెద్దక్క కర్నూలులో ఇల్లు కడుతోంది. గోడలు లేచాయి. వంటింటి అరుగుకని తెప్పించిన కడప బండ పెరట్లో గోడకు ఆనించి ఉంది. అప్పుడు ఫోను చేసింది.

"ఒరేయ్, సింకు ఇత్తడిది పెట్టిస్తాండా. పైన పూత లేనిది. అంగడాయన కిలుము పడ్తాదమ్మా, పూత ఉండేదే తీసుకో అంటాండాడు. నువ్వేమంటావు?"

కడపలో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి బతికేవాణ్ణి. ఇలాంటి ప్రశ్న వస్తే ఆ పూట నాకింక వేరే పని సాగదు.

కిలుము పడుతుందన్నంత వరకు అంగడాయన మాట నిజమే. పూత దగ్గరే నాకు పేచీ. దాన్ని లాకర్ అంటారు. మన లక్కే పోర్చుగీసువాళ్ళ నోట్లో నలిగి ఇంగ్లీషుకు చేరి, తిరిగి ఇలా మన అంగళ్ళకు వచ్చింది. ఇప్పుడు దాంట్లో లక్క ఉండదు, ప్లాస్టిక్ జాతి రెసిన్ ఉంటుంది. తలుపు గడియకైతే అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. సింకు సంగతి అది కాదు. కుక్కరు పడుతుంది, పెనం ఈడుస్తాం, పీచుతో రుద్దుతాం. ఒక్క గీత పడితే చాలు, నీళ్ళు ఆ సందులోంచి పూత కిందికి పాకుతాయి. అక్కడ లోహం నల్లబడుతుంది, చుట్టూ మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. ఆ మచ్చను తోముదామంటే చేతికి అందదు, పూత అడుగున కూర్చుని ఉంటుంది. పూత లేని ఇత్తడికి ఆ బాధ లేదు. నల్లబడితే తోముకోవచ్చు, లేదా వదిలేయవచ్చు.

స్టీలు ఎందుకు మారదు, ఇత్తడి ఎందుకు మారుతుంది? స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే కంటికి కనపడనంత పలుచని ఆక్సైడు పొర కట్టి, అక్కడితో ఆగిపోతుంది. గీత పడితే మళ్ళీ కడుతుంది. ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. రాగి సాధారణంగా 60 నుంచి 70 శాతం. ఈ రాగి మీద కట్టే పొర అంత త్వరగా ఆగదు. మొదట పసుపు వన్నె తగ్గి గోధుమరంగు తిరుగుతుంది, అది రాగి ఆక్సైడు. ఉల్లిపాయ, వెల్లుల్లి, గుడ్డు తగిలిన చోట వాటిలోని గంధకం పట్టి నల్లబడుతుంది. తడి ఆరకుండా నిలిచిన మూలలో గాలిలోని కార్బన్ డయాక్సైడు కూడా చేరి పచ్చగా కిలుము పూస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఇదంతా అంత నెమ్మది. అందుకే మచిలీపట్నంలో ఉండే ఇత్తడి కన్నా కర్నూలు ఎండల్లో ఉండే ఇత్తడి ఎక్కువ రోజులు పసుపు వన్నెతో ఉంటుంది. సింకు ఎప్పుడూ తడిగా ఉండేదే గనక ఈ లాభం అరకొరే అనుకోండి. రాత్రి పడుకునే ముందు పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే సగం పోరు తీరుతుంది.

మిగతా సగానికి చింతపండు ఉంది. దాని పులుపు ముఖ్యంగా టార్టారిక్ ఆమ్లానిది. అది రాగి ఆక్సైడునూ కిలుమునూ కరిగించి, రాగి అయాన్లను పట్టుకుని నీళ్ళతో పోనిస్తుంది. ఉప్పు చేరిస్తే దాంట్లోని క్లోరైడు ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే లోపల తగరంతో కళాయి పోయించడం కూడా ఇందుకే. తోమేటప్పుడు మనకు మేలు చేసే రసాయనమే వండేటప్పుడు రాగిని కూరలోకి దించుతుంది. సింకులో వండం కాబట్టి కళాయి అక్కర్లేదు. నిమ్మకాయలో, చింతపండో మాత్రం దాంట్లో నేరుగా నానబెట్టకూడదు.

ఇంతవరకు చెప్పి ఫోను పెట్టేశాను. రాత్రి అన్నం తింటుంటే ఆ బండ గుర్తొచ్చింది.

కడప బండ సున్నపురాయి. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ కూడా ఆ జాతివే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే. సున్నపురాయి అంటే ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు, ఆమ్లం తగిలితే కరుగుతుంది. నున్నగా మెరుగు పెట్టిన నల్లబండ మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపు వదిలి చూడండి, ఆ మేర మెరుగు పోయి తెల్లగా మచ్చ తేలుతుంది. అంటే సింకుకు అందం తెచ్చే చింతపండే సింకు అంచున ఉన్న బండను తినేస్తుంది. స్టీలు సింకుకు చింతపండు పెట్టి తోమే పనే లేదు గనక ఈ చిక్కు ఎప్పుడూ ఎదురుపడలేదు.

మరునాడు నేనే ఫోను చేశాను. "అక్కా, సింకు బండ కిందికి బిగించొద్దు. బండకు కోసిన అంచు బయటికి ఉంటే రసమంతా దాని మీదే పడుతుంది. సింకుకే వెడల్పు అంచు ఉండి, అది బండ మీద కూర్చునే రకం తీసుకో."

"సరేలే. నీళ్ళ సంగతేంది? మాకు తుంగభద్ర నీళ్ళు రాని రోజు బోరే కదా."

మంచి ప్రశ్న. బోరు నీళ్ళు ఆరిపోతే తెల్లటి సున్నపు చారలు మిగులుతాయి, అది చూపుకే లోపం. నీళ్ళలో ఉప్పదనం ఎక్కువైతేనే అసలు కష్టం. జింకు 15 శాతం దాటిన ఇత్తడి, క్లోరైడు ఉన్న నీళ్ళు నిలిచిన చోట, జింకును పోగొట్టుకుంటుంది. గుల్లబారిన రాగి మిగిలి గులాబీరంగు మచ్చలుగా కనిపిస్తుంది. సింకు అడుగు నీళ్ళు పోయే రంధ్రం వైపు బాగా వాలి ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ఇనుప పెనాన్ని రాత్రంతా ఆ తడిలో వదిలితే ఇత్తడికేమీ కాదు, పెనమే మామూలు కన్నా తొందరగా తుప్పు పడుతుంది.

ఇంకొకటి, అమోనియా. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలం తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వాటి ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. కారణం 1921లో గానీ తేలలేదు: గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియా, తొడుగును సాగదీసి చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి చీల్చేవి. రేకును వంచి చేసిన సింకు మూలల్లోనూ ఆ బిగువు ఉండొచ్చు. అందుకే అద్దాలు తుడిచే అమోనియా ద్రవాలు దీనికి వద్దు. బ్లీచింగ్ నీళ్ళూ వద్దు, అవి గుంటలు పెడతాయి.

క్రిముల మాట కూడా అక్క అడిగింది. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, ఇత్తడితో సహా రాగి మిశ్రమాల ఉపరితలాలు రెండు గంటల్లో 99.9 శాతానికి పైగా బాక్టీరియాను చంపుతాయన్న ప్రకటనకు అనుమతిచ్చింది. వాటి మీద రంగు, మైనం, లాకర్ లాంటివేవీ పూయకూడదన్నది షరతు. ఆ లెక్కన అంగడాయన పూత ఈ గుణాన్ని కూడా కప్పేస్తుంది. అలాగని గిన్నెలు సబ్బుతో తోమడం మానుకోలేం.

కొనేటప్పుడు అయస్కాంతం ఒక్కటే పట్టుకెళితే చాలదు. బంగారు రంగు పూసిన మంచి స్టీలు కూడా దానికి అంటదు. చింతపండు రసంలో ఉప్పు కలిపి చిన్న సీసాలో తీసుకెళ్ళమన్నాను. అంగడాయన ఒప్పుకుంటే కనపడని మూలన ఒక చుక్క వేసి పది నిమిషాలు ఆగాలి. మచ్చ తేలితే అది పూత లేని ఇత్తడే. రంగు స్టీలయినా, లాకర్ ఉన్నదయినా ఉలకదు, పలకదు. బరువూ చూడాలి. 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 9 లోతు ఉన్న సింకు ఒకటిన్నర మిల్లీమీటరు రేకుతో చేస్తే దాదాపు 10 కిలోలు తూగాలి. ఇత్తడి స్టీలు కన్నా మెత్తన, అంతకంటే పలుచనిదైతే కుక్కరు పడ్డ చోటల్లా సొట్టే.

పోయిన వారం సింకు బిగించడానికి మేస్త్రీ సిలికాన్ ట్యూబుతో వచ్చాడట. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం సిలికాన్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అది ఇటు ఇత్తడికీ పడదు, అటు బండకూ పడదు. అక్క మూత తీయించి వాసన చూసి, "ఇది వద్దు, పులుపు వాసన రానిది తేపో" అని మేస్త్రీని వెనక్కి పంపిందంట.