మైలుతుత్తం నీలం, జింకు తెలుపు ఎందుకు?

నిడమనూరు వైపు బత్తాయి తోట ఉన్న ఒక పాఠకుడు అడిగారు: "చెట్టు మొదళ్లకు పూసే బోర్డో పేస్టులో కలిపే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చిక్కటి నీలం. ఆకుల్లో ఈనెలకు మధ్య భాగం పసుపెక్కితే కొట్టే జింక్ సల్ఫేట్ తెల్లన. రెండూ సల్ఫేట్లే కదా సార్?"

సల్ఫేట్‌కు రంగు లేదు, అంటే సంగతి లోహంలోనే ఉంది. ఆ లోహాలేమో ఆవర్తన పట్టికలో పక్కపక్కనే: రాగి 29, జింకు 30. ఇంత దగ్గరివాటికి ఇంత తేడా!

దేవరకొండ బస్సెక్కుదాం. అందులో ఇద్దరేసి కూర్చునే సీట్లు ఐదు అనుకోండి. అవే లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు కూర్చునే చోట్లు, డి-ఆర్బిటాళ్లు. లోహ అయాన్ (ఎలక్ట్రాన్లు కొన్ని పోగొట్టుకున్న పరమాణువు) ఒంటరిగా ఉంటే ఐదూ ఒకే ఎత్తు. చుట్టూ నీటి అణువులు చేరితే, వాటికి ఎదురుగా ఉన్న రెండు సీట్లు వెనక చక్రం మీది సీట్లలా పైకి లేస్తాయి. రాగి అయాన్‌లో ప్రయాణికులు తొమ్మిది మంది, పైసీటులో ఒక చోటు ఖాళీ. ఎర్రటి కాంతిలోని శక్తి అందుకుని కింది ఎలక్ట్రాన్ ఒకటి అందులోకి ఎగురుతుంది. తెల్లకాంతిలోంచి ఎరుపు పోతే మన కంటికి చేరేది నీలం. జింకులో పదికి పది నిండాయి, కదలడానికి చోటే లేదు. బోర్డో పేస్టులో కలిపే సున్నంలోని కాల్షియం అయాన్‌ది ఖాళీ బస్సు, ఎగరడానికి మనిషే లేడు. అందుకే రెండూ తెలుపే.

రంగును చూసి విషాన్ని అంచనా వేయడం మనవాళ్లకు అలవాటు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు తాగునీటిలో చేరి ఎముకలు వంచిన ఫ్లోరైడ్‌కు ఏ రంగూ లేదు. నీళ్లు తేటగానే కనిపించాయి.

మాంగనీస్ సల్ఫేట్ ఇంకా తమాషా. ఐదుగురు ప్రయాణికులు, ఐదు సీట్లు. చక్రం మీదైనా సరే, ఎవరికి వారికి విడి సీటే కావాలి. ఎవరు కదిలినా ఇంకొకరి పక్కన ఇరుక్కోవాలి, పైగా తన స్పిన్‌ను (ఎలక్ట్రాన్ తిరిగే దిశలాంటి గుణాన్ని) తిరగేసుకోవాలి. క్వాంటమ్ నియమాలు దీన్ని దాదాపు ఒప్పుకోవు. అందుకే దానిది ఉందా లేదా అన్నంత లేత గులాబీ.

ఇంటర్‌లో "డి-ఆర్బిటాళ్లు పాక్షికంగా నిండితే రంగు" అన్నట్టు ఒక్క వాక్యం బట్టీ పట్టిస్తారు. పొటాషియం పర్మాంగనేట్ దగ్గర అది బోల్తా కొడుతుంది. అందులో మాంగనీస్ డి-ఆర్బిటాళ్లు పూర్తిగా ఖాళీ, అయినా చిటికెడు వేస్తే బకెట్ నీళ్లు ఊదారంగెక్కుతాయి. ఇక్కడ ప్రయాణికులు బయటి నుంచి, అంటే ఆక్సిజన్ నుంచి, బస్సులోకి దూకుతారు. ఈ విద్యుదావేశ బదిలీకి క్వాంటమ్ నియమాల అడ్డు లేదు కాబట్టే రంగు రాగి కంటే వంద రెట్లకు పైగా గాఢం.

నీటి పాత్ర ఎంతో తేల్చుకోవాలంటే మైలుతుత్తాన్ని బాగా వేడి చేయాలి (వంట గిన్నెలో మాత్రం వద్దు, విషం). నీళ్లు పోయాక సీట్ల ఎత్తుల మధ్య తేడా తగ్గి, అది పీల్చే కాంతి కంటికి కనిపించని పరారుణంలోకి జారుతుంది. మిగిలేది తెల్లపొడి. చుక్క నీరు తగిలితే మళ్లీ నీలమే. డీజిల్‌లో నీళ్లు కలిశాయేమో చూడటానికి ఈ పొడి పనికొస్తుంది.