బండలు పోయాక మిగిలే సినిమాలు

2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చిన సంగతి మనలో చాలామందికి తెలిసింది పేపర్ చదివి కాదు, విద్యార్థులు ఫోన్లో తీసిన వీడియోలు చూసి. రాత్రిపూట యంత్రాల లైట్లు, ఆ మోతలో నెమళ్ల అరుపులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. మధ్యలో ఏఐ బొమ్మలు కూడా కలిసి తిరిగాయి, అది వేరే గొడవ. కంచ అంటే తెలంగాణలో పశువుల్ని మేపుకునే బీడు. ఈ మాట నగరంలో ఎంతోమందికి ఆ వారంలోనే తెలిసుంటుంది.

పోతున్న నేలని కెమెరాతో పట్టుకోవాలన్న తపన ఫోన్లతో పుట్టింది కాదు. దీని వెనక పెద్ద కథే ఉంది, అందులో చిత్రకారులు ఎక్కువ.

1967లో కేంద్ర ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌ చేతికి కెమెరా ఇచ్చింది. ఆయన రాజస్థాన్ పోయి కథ లేకుండా, మాటలు దాదాపు లేకుండా, గొడుగు, లాంతరు, చెప్పు, ఎడారి, కోటగోడలు పెట్టి ‘త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్’ అనే చిన్న సినిమా తీశారు. దానికి బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గోల్డెన్ బేర్ అవార్డు వచ్చింది. హుస్సేన్‌ది పండరీపురం, కానీ ఇక్కడి కళాభిమాని బద్రీవిశాల్ పిత్తి స్నేహం వల్ల హైదరాబాద్ ఆయనకి రెండో ఇల్లు లాంటిది. తర్వాత బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ అనే మ్యూజియం పెట్టారు, 2004లో వచ్చిన ‘మీనాక్షి’ని మూడు ఊళ్ల కథగా తీస్తూ అందులో ఒకటి హైదరాబాద్ చేశారు. 2006లో దేశం వదిలారు, 2010లో ఖతార్ పౌరుడయ్యారు, 2011లో లండన్‌లో పోయారు. ‘మీది ఏ ఊరు’ అన్న మాట ఆయన విషయంలో ఎంత చిక్కుముడో చూడండి.

మనవైపు అసలు పని చేసింది మాత్రం దర్శకుడు బి. నర్సింగరావు. గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు, బొమ్మలు వేస్తారు, కవిత్వం రాస్తారు. 1983 నాటి ‘రంగుల కల’లో చిత్రకారుడి వేషం ఆయనదే. నా బొమ్మలు ఎవరికోసం అని కొట్టుమిట్టాడుతూ హైదరాబాద్ వీధుల్లో తిరిగే మనిషి, వెనక గద్దర్ పాట. అందులో నగరం ఇప్పటి సినిమా పాటల్లో డ్రోన్‌తో చూపించే నెక్లెస్ రోడ్డులా ఉండదు, ఇరుకుగా, చెమటగా ఉంటుంది. తర్వాత ‘దాసి’, 1988. నాకు ఇదే గొప్పది. దొర గడిలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఒక దాసి బతుకు. మాటలు చాలా తక్కువ, గోడలూ వాకిళ్లే ఎక్కువ చెప్తాయి. కళాదర్శకుడు తోట వైకుంఠం, ఆ పెద్ద బొట్ల నల్లటి ఆడవాళ్ల బొమ్మలాయనే. ఆయన అవార్డూ కలిపి సినిమాకి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. గడిని అంత దగ్గరగా తెలిసినవాళ్లు తీశారు కాబట్టే అది సెట్టులా అనిపించదు.

హైదరాబాద్ బండల సంగతి కూడా ఇంతే. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, దాన్ని పేల్చి అపార్ట్‌మెంట్ లేపడానికి మాత్రం రెండేళ్లు చాలు. 1996లో రాళ్లని కాపాడదామని ఒక సొసైటీ పుట్టింది, ఉమా మగల్ ‘అదర్ కోహినూర్స్’ పేరుతో ఈ బండల మీదే డాక్యుమెంటరీ తీశారు. మా ఫ్లాట్ వెనకాల ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు బండలుండేవి. పేల్చే ముందు రోజు నేను నలభై సెకన్ల వీడియో తీశా, అందులో ఎక్కువసేపు డ్రిల్లింగ్ చప్పుడే.

ఇలాంటివి తీయడం ఒక ఎత్తు, దాచడం ఇంకో ఎత్తు. 1984 నాటి పాతబస్తీ అల్లర్ల మీద డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ తీసిన ‘క్యా హువా ఇస్ శహర్ కో?’ని మళ్లీ బాగుచేసి చూడగలిగేలా చేసింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సినిమా సంస్థ. చార్మినార్ సందుల్లో తీసిన సినిమా, జర్మనీలో బతికి బట్టకట్టింది.