ఆనింగ్ కిటికీలు: అపోహలు – వాస్తవాలు

విశాఖలో 16 ఏళ్లుగా ఇళ్లకు కిటికీలు కొలిచి, చేయించి, బిగిస్తున్నాను. ఈమధ్య ఇల్లు కట్టుకునేవాళ్లు ఫోన్‌లో ఫొటో చూపించి "ఇలాంటివి కావాలండీ" అంటున్నవాటిలో ఎక్కువ ఆనింగ్ కిటికీలే. రెక్క పైఅంచు దగ్గర పట్టు ఉంటుంది, కింద నుంచి బయటికి తోస్తే చూరులా లేచి నిలబడుతుంది. మా షాపుల్లో టాప్ హంగ్ అంటాం. నాకు చాలా ఇష్టమైన కిటికీ ఇది. అందుకే తప్పు చోట పెట్టించుకుని తర్వాత బాధపడేవాళ్లను చూస్తే కష్టంగా ఉంటుంది.

అపోహ: ఎంత వాన వచ్చినా తెరిచే ఉంచుకోవచ్చు.

వాస్తవం: గాలి లేకుండా నిలువుగా పడే వానకు, సన్నటి ముసురుకు ఈ మాట నిజం. గాలివాన వేరు. రెక్కకు రెండు పక్కలా తెరిచి ఉన్న సందుల్లోంచి జల్లు నేరుగా గదిలోకి వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇప్పటి టాప్ హంగ్ కిటికీలకు పాతకాలపు మడతబందులు ఉండవు, రెండు పక్కలా ఫ్రిక్షన్ స్టేలు, అంటే రెక్కను మోస్తూ జారే స్టీలు పట్టీలు ఉంటాయి. రెక్క తెరుచుకునేటప్పుడు దాని పైఅంచు కొద్దిగా కిందికి జారి, పైన సన్నటి సందు వస్తుంది. పైన సన్‌షేడ్ లేకపోతే గోడ మీద జారే నీళ్లు ఆ సందులోంచి లోపలికి దిగుతాయి. కాబట్టి సన్‌షేడ్ తీసేసి ఎలివేషన్ చేయించుకుంటున్నవాళ్లు ఈ కిటికీని నమ్ముకుని వానలో తెరిచి ఉంచొద్దు.

మూసి ఉన్నప్పుడు మాత్రం దీని బలం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు గాలి గంటకు 185 కిలోమీటర్ల దాకా వీచింది. అలాంటి గాలి ఎదురుగా కొడితే బయటికి తెరుచుకునే రెక్క ఇంకా గట్టిగా ఫ్రేమ్‌కు అదుముకుంటుంది, అంచు చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ బిగుస్తుంది. పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీకి ఈ వీలు లేదు. కానీ ఇంటికి అవతలి వైపున్న కిటికీలను అదే గాలి బయటికి లాగుతుంది. అందుకే 3 అడుగుల వెడల్పు దాటిన రెక్కకు మధ్యలో ఒక్క హ్యాండిల్‌తో నేను ఒప్పుకోను. రెండు మూలల్లోనూ లాక్ పడాలి.

అపోహ: గ్రిల్, దోమల మెష్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. రెక్క బయటికి తెరుచుకుంటుంది కాబట్టి గ్రిల్ లోపలి వైపే రావాలి, మెష్ దానికంటే లోపల. మన పాత చెక్క కిటికీలకూ అంతే కదా, చువ్వలు లోపల, రెక్కలు బయట. చువ్వల మధ్యలోంచి చెయ్యి పెట్టి రెక్క లాక్కునేవాళ్లం. టాప్ హంగ్‌లోనూ అదే పని, కాకపోతే హ్యాండిల్ రెక్క అడుగున ఉంటుంది. 2 అడుగుల ఎత్తున్న రెక్కను 30 డిగ్రీలు తెరిస్తే అడుగుభాగం ఒక అడుగు బయటికి పోతుంది, చెయ్యి అందుతుంది. 4 అడుగుల ఎత్తయితే 2 అడుగులు పోతుంది. గ్రిల్‌లోంచి భుజం దాకా చెయ్యి పెట్టి, వానలో దాన్ని లాగి మూయడం ఇంట్లో పెద్దవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

మెష్ తీయడానికి వీల్లేకుండా బిగిస్తే హ్యాండిలే అందదు. పక్కకు జరిగేదో, మ్యాగ్నెట్‌తో అంటుకునేదో పెట్టించండి. హ్యాండిల్‌కు, గ్రిల్‌కు, మెష్‌కు మధ్య చోటు ఎంతో ఆర్డర్ ఇచ్చేముందే కాగితం మీద గీయించుకోండి. కిటికీవాళ్లు, గ్రిల్‌వాళ్లు, మెష్‌వాళ్లు వేరువేరుగా వచ్చి కొలుచుకుపోతే ఏదో ఒకటి మళ్లీ చేయించాల్సి వస్తుంది.

అపోహ: పెద్ద అద్దం ఒకటే రెక్కగా ఉంటే అందం.

వాస్తవం: అద్దం బరువు లెక్క తేలిక. ఒక చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తులో 5 మి.మీ. అద్దం 9 కిలోల పైచిలుకు. అదే 4కు 4 అయితే 18 కిలోలు దాటుతుంది. డబుల్ గ్లాస్ అంటే దానికి రెట్టింపు, ఫ్రేమ్ బరువు అదనం. ఆ బరువంతా రెండు స్టేల మీదే వేలాడుతుంది. కొన్నాళ్లకు అవి సాగి, రెక్క కుంగి, మూలల్లో సీల్ పోతుంది. ఈ కిటికీకి నప్పేది వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న ఆకారం. వంటింటి గట్టు పైన, బాత్రూమ్ వెంటిలేటర్‌లో, హాల్లో తెరుచుకోని పెద్ద ఫిక్స్‌డ్ గ్లాస్ పైనో కిందో ఇది బంగారంలా పనిచేస్తుంది. బాత్రూముల్లో అద్దాల లూవర్ల బదులు ఇది పెట్టించుకుంటే మూసినప్పుడు నిజంగా మూసినట్టు ఉంటుంది.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అది మంచి స్టీలు.

వాస్తవం: స్టేలకు, స్క్రూలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో రకాలను నంబర్లతో చెప్తారు. మంచి రకమైన 304కు అయస్కాంతం దాదాపు అంటుకోదు. చవక రకమైన 202కూ అంటుకోదు! మరి ఈ పరీక్షతో తేలేదేమిటి? సముద్రపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ముందుగా పాడయ్యేవి స్టేలూ, స్క్రూలే. భీమిలి రోడ్డు వైపు, బీచ్‌కు దగ్గర్లో ఉంటే 316 రకం అడగండి. అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పును తట్టుకునేది దానివల్లే. బిల్లు మీద ఆ నంబరు రాయించుకోండి. హైదరాబాద్‌లో, వరంగల్‌లో అంత ఖర్చు అక్కర్లేదు, 304 చాలు.

అపోహ: నీళ్లు కారుతున్నాయంటే కిటికీ బాగాలేదని అర్థం.

వాస్తవం: నన్ను పిలిచిన చాలా ఇళ్లలో తప్పు కిటికీది కాదు. ఫ్రేమ్‌కు, గోడకు మధ్య సందు సరిగ్గా నింపరు. కిటికీ కింది గట్టు వాలు బయటికి కాకుండా లోపలికి ఉంటుంది. ఫ్రేమ్ అడుగున నీళ్లు పోవడానికి వదిలిన చిన్న రంధ్రాలను పెయింటర్ పుట్టీతో, సిలికాన్‌తో మూసేస్తాడు. పెయింట్ పని అయ్యాక ఆ రంధ్రాలను మీరే ఒకసారి చూసుకోండి. సన్నటి పుల్లతో పొడిస్తే తెరుచుకుంటాయి.

గాలి విషయంలో రెండు వైపులా అతి మాటలే. పూర్తిగా తెరుచుకోదు కాబట్టి, వేసవి రాత్రి పడకగదికి పక్కకు తెరుచుకునే రెక్క తెచ్చినంత గాలి ఇది తేలేదు. అలాగని ఉక్కపోయదు, ఎదురు గోడకు ఇంకో కిటికీ ఉంటే గాలి ఆడుతుంది.

ఇంటికి, ప్రహరీకి మధ్య 3 అడుగుల సందే ఉంటే, తల ఎత్తులో ఈ కిటికీ పెట్టొద్దు. చాలా ఏళ్ల కిందట నేను బిగించిన ఒక రెక్క అంచు తగిలి ఆ ఇంటి పాప నుదురు చిట్లింది. కొలత తీసుకున్నప్పుడు గోడ బయటికి వెళ్లి చూడలేదు, అది నా తప్పు. ఇప్పుడు ముందు బయటికి వెళ్లి నడిచి చూసి, ఆ తర్వాతే టేపు తీస్తున్నాను.

పై అంతస్తుల్లో అద్దం బయటి వైపు తుడవడం కూడా ఆలోచించుకోండి. బాల్కనీ లేకపోతే తెరుచుకునే గ్రిల్ ఉండాలి. ఇక గదికి ఉన్నది ఒక్కటే కిటికీ అయితే, అది పడకగది అయితే, దయచేసి టాప్ హంగ్ వద్దు. నిప్పంటుకున్నప్పుడు అడుగు సందులోంచి మనిషి బయటపడలేడు. అక్కడ పక్కకు పూర్తిగా తెరుచుకునే రెక్క, తాళం లేకుండా లోపలి నుంచి తీయగలిగే గ్రిల్ పెట్టించుకోండి.